ఇంట్లో ఉన్న మూలకాలు, వాటి పేర్ల పుట్టుక: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆవర్తన పట్టిక అనగానే పిల్లలకు బట్టీ పట్టాలనే టెన్షన్ మొదలవుతుంది. ఆ గళ్లలో ఉన్నవాటిలో చాలా మూలకాలు మన వంటింట్లో, పొలంలో, కంసాలి కొట్లో ఎప్పటినుంచో ఉన్నవే. ఒక్కో పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే, ఆ పదార్థం మనుషులకు మొదట ఎలా ఎదురుపడిందో కూడా తెలుస్తుంది. రంగు చూసి కొన్నింటికి పేరు పెట్టారు, వాసన చూసి కొన్నింటికి, భయపడి ఒకటి రెండింటికి. పిల్లలూ పెద్దలూ తరచుగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

మూలకం అంటే ఏమిటి? మొత్తం ఎన్ని ఉన్నాయి?

ఒకే రకం పరమాణువులతో ఉన్న పదార్థం మూలకం. రాగి మూలకం. ఇత్తడి కాదు, అది రాగి, తుత్తునాగం కలిపి చేసిన మిశ్రమలోహం. తుత్తునాగం అంటే ఇప్పుడు అందరూ జింక్ అంటున్నదే. ఇప్పటికి గుర్తించిన మూలకాలు 118. నిహోనియం, మాస్కోవియం, టెన్నెసీన్, ఒగనెసాన్ అనే నాలుగింటికి 2016లో పేర్లు ఖాయం చేశారు. ఇవి ప్రయోగశాలలో పుట్టి కొద్దిసేపట్లోనే విచ్ఛిన్నమైపోతాయి కాబట్టి ఇంట్లో వాటితో పనేమీ లేదు.

సోడియానికి ‘ఎన్ఏ’, ఇనుముకు ‘ఎఫ్ఈ’ అని ఎందుకు రాస్తారు?

స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ 1813లో మూలకాలను అక్షరాలతో సూచించే పద్ధతి తెచ్చాడు. ఆయన లాటిన్ పేర్ల నుంచి అక్షరాలు తీసుకున్నాడు. ఇనుము లాటిన్‌లో ఫెర్రమ్, బంగారం ఆరమ్, వెండి అర్జెంటమ్. అర్జెంటీనా దేశానికి ఆ పేరు వెండి వల్లే వచ్చింది. సీసం ప్లంబమ్. పూర్వం నీటి గొట్టాలు సీసంతో చేసేవారు, ఆ పని చేసేవాడు ప్లంబర్ అయ్యాడు. కుళాయి లీకైతే మనం పిలిచే ప్లంబర్ పేరులో ఉన్నది ఆ సీసమే.

సోడియం సంగతి కొంచెం వేరు. ఈజిప్టులో ఎండిన సరస్సుల దగ్గర దొరికే ఒక రకం సోడా ఉప్పును నేట్రన్ అనేవారు. మృతదేహాలను మమ్మీలుగా మార్చేటప్పుడు తేమ లాగేయడానికి దాన్ని వాడారు. దాని నుంచి నేట్రియం అనే పేరు, ఎన్ఏ అనే సంకేతం వచ్చాయి. 1807లో ఇంగ్లండు శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ లండన్‌లో కరెంటు పంపి సోడియాన్ని, పొటాషియాన్ని విడిగా బయటికి తీశాడు.

హీలియం గుంటూరులో కనిపెట్టారంటారు. నిజమేనా?

సగం నిజం. ఆ సగం కూడా మనం గర్వంగా చెప్పుకోదగ్గదే.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. అది కోస్తా మీదుగా కనిపిస్తుందని లెక్క తెలిసి ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పియరీ జాన్సెన్ గుంటూరు వచ్చి పరికరాలు బిగించుకున్నాడు. చంద్రుడు సూర్యబింబాన్ని పూర్తిగా కప్పినప్పుడు అంచుల్లో ఎర్రటి జ్వాలలు లేస్తాయి. వాటి వెలుతురును పట్టకం ఉన్న వర్ణపటదర్శినిలోకి పంపి, అది ఏయే రంగుల గీతలుగా విడిపోతుందో చూశాడు. ఒక్కో మూలకానికి తనవైన గీతలు ఉంటాయి, వాటిని బట్టే మూలకాన్ని గుర్తుపడతారు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని ఆయనకు అప్పుడే తట్టింది. మర్నాడు పొద్దున్నే గుంటూరులోనే అలా చూసి నిరూపించాడు కూడా. అదే గ్రహణాన్ని మచిలీపట్నం నుంచి చూసిన మద్రాసు వేధశాల అధికారి నార్మన్ పాగ్సన్, సోడియం గీతకు దగ్గరగా ఉన్న పసుపు గీతను నమోదు చేశాడు.

అది సోడియం గీత కాదని, వేరే గీత అని తేల్చింది మాత్రం ఇంగ్లండులో నార్మన్ లాకియర్. అదే ఏడాది అక్టోబరులో గ్రహణం లేకుండానే ఆ గీతను చూసి, భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ అది సరిపోవడం లేదని ఆయన అన్నాడు. గ్రీకులో సూర్యుడు హీలియోస్ కాబట్టి హీలియం అని పేరు పెట్టాడు. సోడియం, పొటాషియంల లాగే ‘ఇయం’తో ముగించాడు, అది లోహమై ఉంటుందనుకుని. లోహం కాదు, వాయువు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి దాన్ని బయటికి తీసేదాకా భూమ్మీద ఎవరికీ చిక్కలేదు.

కాబట్టి మన గడ్డ మీద దొరికింది హీలియం వాయువు కాదు, దాని జాడ. పుట్టినరోజు బెలూన్లలో ఉన్నది ఆ వాయువే. అయితే దాని అసలు అవసరం ఆస్పత్రిలో. ఎమ్మారై స్కానింగ్ యంత్రంలోని అయస్కాంతం తీగచుట్టలు సుమారు మైనస్ 269 డిగ్రీల చల్లదనంలో పని చేస్తాయి. ద్రవ హీలియంతోనే ఆ చల్లదనం వస్తుంది. గుంటూరు పిల్లలకు ఈ కథ పాఠంగా చెప్పాలని గట్టిగా కోరుకుంటాను.

ఇండియం అనే మూలకానికి మన దేశం పేరు పెట్టారా?

నేరుగా కాదు. 1863లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో రైక్, రిక్టర్ అనే ఇద్దరు ఒక ఖనిజాన్ని పరీక్షిస్తుంటే వర్ణపటంలో ముదురు నీలి గీత కనబడింది. ఆ రంగు ఇండిగో, అంటే నీలిమందు రంగు. అందుకే ఇండియం. నీలిమందును గ్రీకులు, రోమన్లు మన దేశం నుంచి వచ్చే సరుకు కాబట్టి ‘భారతీయం’ అనే అర్థంలో ఇండికం అన్నారు. అలా చుట్టూ తిరిగి మన పేరే చేరింది. మీ ఫోన్ తెర మీద వేలితో రాసినప్పుడు ఆ తాకిడిని పట్టుకునే పారదర్శకమైన పలుచని పూత ఇండియం, తగరం కలిసిన ఆక్సైడు.

మన భాషతో ఇంకో చుట్టరికం కూడా ఉంది. రష్యా శాస్త్రవేత్త మెండలీవ్ పట్టికలో ఖాళీలు వదిలి, అక్కడ రావలసిన మూలకాలకు సంస్కృత సంఖ్యలతో తాత్కాలికంగా పేర్లు పెట్టాడు. అల్యూమినియం కింద గడిలో రావలసినది ఏక అల్యూమినియం. 1875లో అది ఫ్రాన్సులో దొరికి గాలియం అయింది. దాని ద్రవీభవన స్థానం 29.8 డిగ్రీలు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో బల్ల మీద పెడితే నిప్పు అక్కర్లేకుండానే కరిగిపోతుంది. ఎల్ఈడీ బల్బు లోపలి చిప్ గాలియం సమ్మేళనంతో చేసిందే.

సిల్వర్ గిన్నెల్లో వెండి ఉంటుందా?

ఉండదు. కోస్తాలో సిల్వర్ గిన్నె అని, తెలంగాణలో సత్తు గిన్నె అని పిలిచేది అల్యూమినియం గిన్నెనే. తెల్లగా మెరుస్తుంది కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. అల్యూమినియం అనే పేరు పటిక నుంచి వచ్చింది. లాటిన్‌లో పటిక అల్యూమెన్. గడ్డం గీసుకున్నాక రాసుకునే పటిక, బురద నీళ్లు తేరడానికి బిందెలో తిప్పే పటిక, అన్నింటిలోనూ అల్యూమినియం ఉంది. 1886లో కరెంటుతో దాన్ని చవగ్గా తీసే పద్ధతి వచ్చేదాకా అది ఖరీదైన లోహం.

ఆ గిన్నెలో అన్నం వండుకోవచ్చు. చింతపండు పులుసు, టమాటా పచ్చడి, పెరుగు మాత్రం అందులో నిల్వ ఉంచకండి. పులుపు ఆ లోహం మీది రక్షణ పొరను కరిగిస్తుంది.

ఇత్తడి గిన్నెకు కళాయి ఎందుకు? అది ఏ మూలకం?

తగరం. ఇత్తడిలో, రాగిలో పులుపు పడితే రాగి కరిగి పచ్చటి చిలుము పడుతుంది. ఆ కూర తింటే వాంతులవుతాయి. తగరం పులుపుకు అంత తొందరగా లొంగదు, అందుకే లోపల దాని పూత.

ఆ పని దగ్గరుండి చూస్తే రసాయన శాస్త్రం పాఠం మొత్తం అందులోనే ఉంది. కళాయివాడు నేలలో చిన్న గుంట తీసి బొగ్గులు రాజేస్తాడు. గిన్నెను పట్టకారుతో పట్టుకుని తిప్పుతూ బాగా కాలుస్తాడు. లోపల నవాసాగరం పొడి చల్లగానే తెల్లటి ఘాటు పొగ లేస్తుంది. నవాసాగరం అంటే అమ్మోనియం క్లోరైడ్. లోహం మీద పేరుకున్న ఆక్సైడు పొరను అది తినేస్తుంది, అడుగున అసలు లోహం శుభ్రంగా బయటపడుతుంది. వెంటనే తగరం కడ్డీని అలా తాకిస్తాడు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి చుక్క పడగానే పారుతుంది. గుడ్డపీలికతో నాలుగు పక్కలా రుద్దితే పసుపు గిన్నె కళ్లముందే వెండిలా మారిపోతుంది. నవాసాగరం వేయకుండా ఎంత తగరం పోసినా ముత్యాల్లా జారిపోతుందే తప్ప అంటుకోదు.

ఒక్క జాగ్రత్త. సీసం కలిపిన తగరం చవక. వంటగిన్నెకు అది వాడనివ్వకండి, సీసం విషం. తెలిసిన మనిషి చేతే వేయించుకోండి.

ఇక రాగి అనే లోహానికి లాటిన్‌లో వచ్చిన కుప్రమ్ అనే పేరు సైప్రస్ దీవిది. రోమన్లకు రాగి అక్కడి నుంచి వచ్చేది. రాగి చెంబులో మంచినీళ్లు రాత్రంతా ఉంచి తాగొచ్చు. నిమ్మరసం, మజ్జిగ పోయకూడదు.

916 బంగారం అంటే?

వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం, అంటే 22 క్యారెట్లు. మిగతాది ఎక్కువగా రాగి, వెండి. స్వచ్ఛమైన బంగారం మరీ మెత్తన, గాజు చేస్తే వంగిపోతుంది. అతుకు పెట్టేటప్పుడు కంసాలి వాడే వెలిగారం బోరాక్సే. బోరాన్ అనే మూలకం పేరు ఆ బోరాక్స్ నుంచి వచ్చింది. క్యారమ్స్ బోర్డు మీద చల్లే తెల్లటి పొడి కూడా చాలాసార్లు బోరిక్ ఆసిడే. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడాలి.

వజ్రం, బొగ్గు నిజంగా ఒకటేనా?

మూలకం ఒకటే, కర్బనం. అమరిక వేరు. కార్బన్ అనే పేరుకు లాటిన్‌లో బొగ్గు అనే అర్థం. 1797లో స్మిత్సన్ టెనెంట్ వజ్రాన్ని కాల్చి, అంతే బరువున్న బొగ్గు నుంచి వచ్చినంత బొగ్గుపులుసు వాయువే దాన్నుంచీ వస్తుందని చూపించాడు. పెన్సిల్ లెడ్ కూడా కర్బనమే, గ్రాఫైట్. దాన్ని మొదట ఒక రకం సీసం అనుకున్నారు కాబట్టి లెడ్ అన్న పేరు పోలేదు. పెన్సిల్ కొరికితే సీసం ఒంట్లోకి పోతుందన్న భయం అక్కర్లేదు.

వజ్రం విషయంలో మన నేలది పెద్ద చరిత్ర. కృష్ణా ఒడ్డున కొల్లూరు గనుల వజ్రాలు గోల్కొండ పేరుతో లోకమంతా తిరిగాయి. గోల్కొండ వజ్రాల్లో మేలైనవి మంచుముక్కలా తేటగా ఉండడానికి కారణం వాటిలో నత్రజని దాదాపు లేకపోవడం. మామూలు వజ్రాల్లో నత్రజని చేరి పసుపు ఛాయ ఇస్తుంది. హోప్ వజ్రం ఇక్కడిదేనని చెబుతారు, దాని నీలం రంగు మాత్రం కొద్దిగా చేరిన బోరాన్‌ది. కంసాలి వెలిగారంలో ఉన్న బోరానే అది. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల తొలకరి పడగానే ఇప్పటికీ జనం పొలాల్లో వజ్రాలు వెతుకుతారు.

దీపావళి మందుల్లో రంగులు ఎలా వస్తాయి?

చాలా లోహాలకు మంటలో తమదైన రంగు ఉంటుంది. ఎరుపు స్ట్రాన్షియం. స్కాట్లండులో స్ట్రాన్షియన్ అనే ఊరి గనిలో దొరికింది, ఊరి పేరే పెట్టారు. పసుపు సోడియం, నీలం రాగి, కళ్లు చెదిరే తెలుపు మెగ్నీషియం, అల్యూమినియం. కాకరపువ్వొత్తి నుంచి రాలే బంగారు రంగు రవ్వలు కాలుతున్న ఇనుప రజను.

ఆకుపచ్చ బేరియం. గ్రీకులో బేరిస్ అంటే బరువైనది. రైల్వే కోడూరు దగ్గరి మంగంపేట ముగ్గురాయి గనులు ప్రపంచంలోనే పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి. బెరైటీస్ అంటే బేరియం సల్ఫేట్. ఆ రాయి నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువు. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడి పైకి ఎగదన్నకుండా ఈ రాతి పొడి కలిపిన బురదను పోస్తారు. ఎక్స్‌రేకు ముందు తాగించే బేరియం మీల్ కూడా ఇదే. నీళ్లలో కరగదు కాబట్టి కడుపులోంచి అలాగే బయటికి పోతుంది. టపాసుల్లో వాడే బేరియం నైట్రేట్ కరుగుతుంది, విషం. దాన్ని టపాసుల్లో వాడకూడదని సుప్రీంకోర్టు చెప్పింది.

ఎరువు బస్తా మీద 20-20-0-13 అంటే ఏమిటి?

వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం శాతాలు. భాస్వరం, పొటాష్‌లను వాటి ఆక్సైడుల లెక్కలో రాస్తారు. ఈ బస్తాలో పొటాష్ లేదని మూడో స్థానంలోని సున్నా చెబుతోంది. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం, అంటే సుమారు 20.7 కిలోల నత్రజని ఉంటుంది.

ఈ పేర్లన్నీ పాతవే. పొటాషియం అంటే కుండలో కాచిన బూడిద, పాట్ యాష్. దాని సంకేతం ‘కె’ అరబ్బీ అల్‌కలీ నుంచి వచ్చింది. అదీ మొక్కల బూడిదే. మన పెద్దలు కూరపాదులకు పొయ్యి బూడిద వేసింది ఈ పొటాష్ కోసమే. భాస్వరాన్ని 1669లో హాంబర్గ్‌లో హెన్నిగ్ బ్రాండ్ మూత్రాన్ని మరిగించి మరిగించి తీశాడు. బంగారం వస్తుందని ఆశపడ్డాడు, చీకట్లో వెలిగే మైనంలాంటి ముద్ద వచ్చింది. గ్రీకులో వెలుగు తెచ్చేది అని దానికి ఫాస్ఫరస్ అన్నారు. ఇప్పుడు అగ్గిపెట్టె పక్కన గీసే పట్టీలో ఎర్ర భాస్వరం ఉంది, పుల్లలో కాదు.

ఫ్లోరిన్ పళ్లకు మంచిదంటారు. మరి నల్గొండలో అంత నాశనం ఎందుకు చేసింది?

మోతాదు వల్ల. పేస్టులో ఫ్లోరైడు రూపంలో, అంటే ఫ్లోరిన్ సమ్మేళనంగా, ఉండేది కొద్ది మోతాదు, పంటి పైపొరను గట్టిపరుస్తుంది, ఉమ్మేస్తాం. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని మన దేశ ప్రమాణం, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా. నల్గొండ జిల్లా మర్రిగూడ లాంటి మండలాల్లో గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడు భూగర్భజలంలోకి దిగింది. బోర్లు లోతుకు వెళ్లిన కొద్దీ రాయితో ఎక్కువకాలం నానిన నీళ్లు పైకొచ్చాయి. పిల్లల పళ్లు గారపట్టాయి, ఎముకలు వంకర తిరిగాయి, యాభై ఏళ్లకే నడుం వంగిపోయింది. ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు గురించి 1937లోనే వైద్య పత్రికలో రాశారు. అంతకాలం ఆ నీళ్లే తాగాల్సి రావడం తలుచుకుంటే బాధేస్తుంది.

నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసిన పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని పేరు. నీళ్లలో సున్నం, పటిక లెక్కప్రకారం కలిపి తేరనిస్తే ఫ్లోరైడు చాలావరకు అడుగుకు దిగుతుంది. తర్వాత మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు ఊళ్లకు చేరాయి. ఒక విషయం గుర్తుపెట్టుకోండి. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైపోయి మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. ఎంత ఉందో తెలియాలంటే పరీక్ష చేయించడం ఒక్కటే దారి.

పేరు సంగతి చిన్నదే. ఖనిజాన్ని కరిగించేటప్పుడు సులువుగా పారడానికి ఫ్లోర్‌స్పార్ అనే రాయి వేసేవారు. లాటిన్‌లో ఫ్లుయెరె అంటే పారడం.

ఉప్పులో అయోడిన్ దేనికి?

గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి పనికి. లోపిస్తే గాయిటర్ అనే గొంతు వాపు వస్తుంది, గర్భిణికి లోపిస్తే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఇంటికి చేరే ఉప్పులో అయోడిన్ కనీసం 15 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 15 పాళ్లు, ఉండాలని నియమం. డబ్బా మూత గట్టిగా పెట్టండి, తడి తగలనీయకండి. 1811లో ఫ్రాన్సులో కుర్త్వా సముద్రపు నాచు బూడిదతో తుపాకిమందుకు సురేకారం తయారుచేస్తుంటే ఊదారంగు ఆవిరి లేచింది. గ్రీకులో ఊదా అనే మాట నుంచి అయోడిన్.

నికెల్, కోబాల్ట్ పేర్లు దెయ్యాలవా?

అవును. జర్మనీ గని కార్మికులకు రాగిలా కనిపించే ఒక ఎర్రటి రాయి దొరికేది. ఎంత కాల్చినా రాగి రాలేదు. నికెల్ అనే గనిభూతం రాగిని మాయం చేసిందని దాన్ని కుప్ఫర్‌నికెల్ అన్నారు. మరో రాయిని కాలిస్తే ఆర్సెనిక్ పొగ వచ్చి మనుషులు జబ్బుపడేవారు. అది కోబోల్డ్ అనే పిశాచం పని అనుకున్నారు. ఆ భయాన్ని మూఢనమ్మకం అని తీసిపారేయను. ఆర్సెనిక్ పొగ వాళ్లను నిజంగానే చంపింది, కారణం తెలియలేదంతే.

గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవి దురదపెట్టి రసి కారుతోందంటే చాలాసార్లు కారణం నికెల్. కోబాల్ట్ లేకుండా బీ12 విటమిన్ లేదు. క్యాన్సర్‌కు ‘కరెంట్ పెట్టారు’ అని మనవాళ్లు చెప్పే వైద్యంలో చాలాకాలం వాడింది కోబాల్ట్-60 యంత్రాలే.

పొరపాటున పెట్టిన పేరు ఏదైనా ఉందా?

ఆక్సిజన్. ఆమ్లాలన్నిటికీ అదే మూలమని ఫ్రెంచి శాస్త్రవేత్త లవోజియే అనుకుని ‘ఆమ్లాన్ని పుట్టించేది’ అని పెట్టాడు. బాత్రూము కడిగే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజనే లేదు. ఆమ్లజని అన్న మాటలో కూడా ఆ పొరపాటే ఉంది. ప్రాణవాయువు అన్న పేరే దానికి న్యాయం చేసింది.

థర్మామీటరు పగిలి పాదరసం ఒలికితే ఏం చేయాలి?

పిల్లలను, కుక్కపిల్లలను పక్క గదికి పంపండి. ఫ్యాను ఆపి కిటికీలు తెరవండి. చీపురుతో ఊడిస్తే చిన్న చిన్న గుళ్లుగా విడిపోయి సందుల్లోకి పోతుంది, వాక్యూమ్ క్లీనర్ పెడితే ఆవిరై గదంతా పరుచుకుంటుంది. రెండూ వద్దు. ఉంగరాలు, గాజులు తీసేయండి, పాదరసం బంగారాన్ని పట్టేసి తెల్లబరుస్తుంది. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, గట్టి అట్టముక్కలతో గుళ్లను ఒకచోటికి నెట్టండి. టార్చి లైటు నేలకు ఏటవాలుగా వేస్తే మిగిలినవి మెరుస్తాయి, వాటిని టేపుకు అంటించి తీయండి. అంతా మూత ఉన్న సీసాలో వేసి బిగించండి. సింకులోనో మరుగుదొడ్డిలోనో పోయకండి. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. గది మరికొన్ని గంటలు గాలి ఆడనివ్వండి. పిల్లలు పొరపాటున మింగితే డాక్టరుకు చెప్పండి. ద్రవరూపంలో మింగినది చాలావరకు అలాగే బయటికి పోతుంది, పీల్చే ఆవిరే ఎక్కువ హాని. ట్యూబ్‌లైటు, సీఎఫ్ఎల్ బల్బు పగిలినా ఇదే జాగ్రత్త, వాటిలోనూ కొద్దిగా పాదరసం ఉంటుంది.